డిమెన్షియా హోంలో చేర్చే ముందు: బంగారం, బట్టలు, ఫోన్, ఫొటోలు, సంతకాలు – ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

సైనిక్‌పురి_కోడలు:

అత్తయ్యకు 76 ఏళ్లు, అల్జీమర్స్ మధ్య దశ. వచ్చే నెల మొదట్లో కొంపల్లి వైపు ఒక డిమెన్షియా హోంలో చేరుస్తున్నాం. ఇద్దరుండే గది. మామయ్య ఇంట్లోనే ఉంటారు, ఆయనకు ఓపిక తక్కువ.

హోం వాళ్లిచ్చిన అగ్రిమెంట్లో రెండు వాక్యాల దగ్గర ఆగిపోయాం. ఒకటి, "విలువైన వస్తువులకు సంస్థ బాధ్యత వహించదు". రెండోది, "కార్యక్రమాల ఫొటోలు, వీడియోలు వాడుకోవడానికి అంగీకరిస్తున్నాను".

అత్తయ్య ఒంటి మీద పుస్తెలతాడు, నాలుగు గాజులు, ముక్కుపుడక ఉన్నాయి. వినికిడి మిషన్ ఒకటి, పై వరస కట్టుడు పళ్లు. ఫోన్ చేతిలోంచి వదలరు. పింఛను ఆమె ఖాతాలోనే పడుతుంది. ఇలాంటి చోట్ల ఏ వస్తువులు ఎలా పోతాయి, ఏవి ఇంట్లో ఉంచుకోవాలి, ఏవి పంపాలి? స్నానం, డైపర్ మార్చడం లాంటి వాటిలో ఆమె మర్యాద కాపాడేందుకు ఏమేం అడిగి రాయించుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పగలరు.

---

తార్నాక_నర్సింగ్_ఇన్‌ఛార్జ్:

ముందు ఒక మాట. ఇలాంటి చోట్ల పోయే వస్తువుల్లో చాలామటుకు దొంగతనం వల్ల పోవు. పక్క గదిలోని ఆవిడ వచ్చి తనదే అనుకుని తీసుకెళ్తుంది. లేదా మీ అత్తయ్యే ఎవరికీ దొరక్కూడదని దాస్తారు, దాచిన చోటు మర్చిపోతారు. లేదా దుప్పట్లతో కలిసి లాండ్రీకి పోతాయి. కాబట్టి తాళాలు పెంచడం కన్నా, పోయినా నష్టం లేని వస్తువులు పంపడం, పోకూడని వాటికి గుర్తు వేయడం ముఖ్యం.

చేర్చే రోజు వస్తువుల జాబితా రెండు ప్రతులు రాయండి. "కళ్లద్దాలు – 1" అని రాస్తే పనికిరాదు. "గోధుమరంగు ఫ్రేము, కుడి కాడ లోపల ఇంటిపేరు చెక్కి ఉంది" అని రాయాలి. ప్రతి వస్తువునూ ఫొటో తీసి, రెండు ప్రతుల మీదా డ్యూటీ సిస్టర్ సంతకం, పేరు, తేదీ తీసుకోండి. మూడు నెలలకోసారి సరిచూడండి. తర్వాత బంధువులు తెచ్చే శాలువాలు, రేడియోలు జాబితాలోకి ఎక్కవు. చివరికి గొడవలయ్యేది వాటి గురించే.

వినికిడి మిషన్: చెవి వెనక పెట్టుకునే రకమైతే మెడ వెనకనుంచి జాకెట్టుకు క్లిప్పుతో పట్టే సన్నని తాడు దొరుకుతుంది, అది తప్పనిసరి. ఎక్కువగా పోయేది మూడు సందర్భాల్లో. స్నానానికి ముందు తీసి టిష్యూలో చుట్టినప్పుడు (ఆ టిష్యూ చెత్తబుట్టలోకి పోతుంది), పడుకున్నాక దిండు మీద జారినప్పుడు, అన్నం తినేటప్పుడు గుయ్‌మంటోందని ఆమే తీసి కంచం పక్కన పెట్టినప్పుడు. రాత్రి అది గదిలో కాదు, నర్సింగ్ స్టేషన్లో పేరు రాసిన డబ్బాలో ఉండాలి. షిఫ్టు మారేటప్పుడు మందుల లెక్కతో పాటు "మిషన్, పళ్లు, అద్దాలు" అని ఒక గడి పెట్టి టిక్కు కొట్టమనండి. ఎవరి చేతిలో ఉండగా పోయిందో తేలేది ఆ గడి వల్లే. సీరియల్ నంబరు రాసుకోండి. బ్యాటరీల స్టిక్కరు రంగు చూసి సైజు చెప్పొచ్చు: గోధుమరంగు 312, నారింజ 13. విడి బ్యాటరీలు గదిలో వద్దే వద్దు. మాత్ర అనుకుని మింగితే ప్రాణం మీదికొస్తుంది.

కట్టుడు పళ్లకు పేరు ఇంట్లోనే వేయొచ్చు. కడిగి పూర్తిగా ఆరబెట్టండి. వెనక దవడల దగ్గర, బుగ్గ వైపుండే గులాబీరంగు భాగంలో చిన్న వేలిగోరంత చోటును నున్నటి ఎమెరీ కాగితంతో తేలిగ్గా రుద్దండి. సన్నని పర్మనెంట్ మార్కరుతో ఇంటిపేరు రాయండి. దాని మీద రంగులేని నెయిల్ పాలిష్ రెండు పల్చని పూతలు, మొదటిది ఆరాకే రెండోది. రాత్రంతా నీళ్లలో ఉంచి తర్వాత పెట్టండి. అంగిలికి, చిగుళ్లకు ఆనుకునే వైపు మాత్రం రుద్దకండి, బిగుతు పోతుంది. కొన్ని నెలలకు చెరిగిపోతుంది, మళ్లీ వేయాలి. కొత్త సెట్టు చేయించేటప్పుడైతే ల్యాబులోనే పేరు చీటీని లోపల పొదగమని డెంటిస్టుకు చెబితే సరి. వేడినీళ్లలో వేయొద్దని ఆయాకు చెప్పండి, ఆకారం మారిపోతుంది.

ఏదైనా కనబడకపోతే వెంటనే "ఎవరు తీశారు?" అనకుండా వెతికే చోట్లు: దిండు గలీబు లోపల, చెప్పుల్లో, చీర మడతల్లో, టిష్యూ డబ్బాలో, పూలకుండీలో, ఫ్లష్ ట్యాంకు మూత కింద, పక్క మంచం పరుపు కింద. కట్టుడు పళ్లయితే భోజనం ట్రే తిరిగి వెళ్లిన వంటగదిలో కూడా.

---

రామంతపూర్_లాండ్రీ:

బట్టల ముచ్చట నేను చెప్తా. హోంలల్ల బట్టలు ఇంట్ల లెక్క ఉతకరు. అందరియి ఒక్క మిషన్ల పడ్తయి, వేడినీళ్లు, బ్లీచింగు, తర్వాత డ్రయ్యరు. పట్టు, ఉన్ని, మంచి కాటన్ చీరె పంపితే రెండు నెలలల్ల పాడైతయి. నైటీలు ఏడెనిమిది, ముందు గుండీలు లేకపోతే జిప్పున్నయి. లోపలి బట్టలు పది జతలు. డైపర్ లీకైన రోజు మూడు నాల్గుసార్లు మార్చాల్సి ఉంటది, నాలుగు జతలే పంపితే నాలుగో మార్పుకు వేరేవాళ్ల బట్టలు తొడుగుతరు. మీ అత్తమ్మ ఒంటి మీద ఎవరిదో నైటీ కనిపిస్తే సగంసార్లు కారణం గిదే.

గుర్తు ఎట్ల వెయ్యాలె అంటే, ఇస్త్రీతోటి అంటించే లేబుళ్లు డ్రయ్యర్ల ఊడిపోతయి. మార్కరు రాస్తే పదిహేను ఇరవై ఉతుకుల తర్వాత పసుపుపచ్చగ మాసిపోతది. రాసినంక ఒకరోజు ఆరబెట్టి వేడి ఇస్త్రీ చేస్తే ఇంకొంచెం ఆగుతది, అంతే. నిలిచేది నేసిన పేరు పట్టీ, నాలుగు దిక్కులా కుట్టాలె. రెండు కొసలకే కుడితే వేలు ఇరుక్కుంటది, ఆమెనే పీకేస్తది. పాతకాలం చాకలి గుర్తులు నల్లజీడి రసంతోటి వేస్తుండిరి, అది పోదు గానీ ఒంటికి తగిల్తే పొక్కులొస్తయి. ముసలోళ్ల చర్మానికి అస్సలు వద్దు.

ఏడ కుట్టాలె: జాకెట్టుకు వీపు మెడ లోపల, లంగాకు బొందె పక్కన, చీరెకు ఫాల్ లోపలి అంచుల, నైటీకి మెడ వెనక. టవల్, శాలువ, మంకీ క్యాప్, సాక్సులు మర్వొద్దు. ముందుగ పోయేటియి సాక్సులే.

ఏం రాయాలె అన్నది కూడ చూసుకోవాలె. "లక్ష్మి" అని రాస్తే ఆ ఫ్లోరుల ఇంకో ఇద్దరు లక్ష్మిలుంటరు. రూమ్ నంబరు రాస్తే గది మారినప్పుడల్ల విప్పి కుట్టాలె. ఇంటిపేరు మొత్తం, పేరుల మొదటి అక్షరం, గంతే. ఇంటిపేరు పెద్ద అక్షరాలల్ల తెలుగుల రాయండి, లాండ్రీ పిల్లలు ఇంగ్లీషు చదవకపోవచ్చు. హిందీవాళ్లున్నరా అని కూడ అడగండి. ఉంటే అక్షరాల పక్కన ఎర్ర దారంతోటి చిన్న గుర్తు, ప్రతి బట్టకూ అదే గుర్తు.

---

మల్కాజిగిరి_రిటైర్డ్_బ్యాంకు:

మీరు గాజుల గురించి అడిగారు, నాకు ఫోన్ గురించే ఎక్కువ భయం. పోయిన గాజు మళ్లీ చేయించుకోవచ్చు. వేలిముద్ర, ఓటీపీ వేరొకరి చేతిలో పడితే ఖాతా మొత్తం ఖాళీ అవుతుంది.

బ్యాంకులోనూ ఆధార్‌లోనూ నమోదైన సిమ్ మీ దగ్గర ఉండాలి, రీఛార్జ్ ఆగకూడదు. అత్తయ్యకు కొత్త సిమ్‌తో కీప్యాడ్ ఫోన్ ఇవ్వండి. పాత ఫోనే కావాలంటే అందులో యూపీఐ యాప్‌లు, మెయిల్, బ్యాంకు యాప్ తీసేసి, ఈ కొత్త సిమ్ వేసి, ఫొటోలు మాత్రం ఉంచి ఇవ్వండి. ఆమెకు కావలసింది చేతిలో ఆ బరువు, ఆ ఫొటోలు.

ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి. ఆధార్ అధికారిక యాప్‌లోనో, ఆధార్ సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్లోనో ఓటీపీతో అయిపోతుంది. వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతిలో, అంటే ఏఈపీఎస్‌లో, ఓటీపీ అడగరు. లాక్ చేసి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. గుర్తుంచుకోవలసింది ఒకటుంది. లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో ఇవ్వాలి కదా (కేంద్ర పింఛనుదారుల్లో 80 దాటినవాళ్లకు అక్టోబరు నుంచే). ఆ రోజు తాత్కాలికంగా అన్‌లాక్ చేయకపోతే జీవన్ ప్రమాణ్ (డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్) ఫెయిలవుతుంది, వేలిముద్ర మిషన్ పాడైందనుకుని తిరుగుతారు. హోంకు ఆధార్ కాపీ అడిగితే చివరి 4 అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి. దాని మీద అడ్డంగా "ఫలానా హోంలో చేరికకు మాత్రమే" అని తేదీతో రాయండి. చెక్కుబుక్కు, పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు అక్కడికి పంపొద్దు.

ఖాతా మామయ్యతో జాయింటా? జాయింటైతే "ఇద్దరిలో ఎవరైనా, లేదా బతికున్నవారు" అన్న పద్ధతిలో ఉందో లేదో చూడండి. కాకపోతే, ఆమె అర్థం చేసుకుని సంతకం పెట్టగల స్థితిలో ఉన్నప్పుడే బ్రాంచికి తీసుకెళ్లి మార్పించండి. 70 దాటినవాళ్లకు ఇంటి దగ్గరే కొన్ని సేవలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2017లో చెప్పింది, అడగండి. సంతకం పెట్టలేకపోతే వేలిముద్రతో డబ్బు తీసే వీలు కూడా ఉంది. దానికి బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. అయితే ఇది శరీరం సహకరించని వాళ్లకోసం. విషయమే అర్థంకాని వాళ్లతో వేలిముద్ర వేయించడానికి కాదు.

పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే చాలని చాలామంది ధీమాగా ఉంటారు. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం అక్కడితో ముగుస్తుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్‌షిప్ కూడా డిమెన్షియాకు వర్తించదు. అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే. భర్త అయినంత మాత్రాన మామయ్య చట్టపరంగా గార్డియన్ కారు. ఆస్తి అమ్మాల్సిన పరిస్థితి ఉంటే కోర్టు ద్వారానే రావాలి, దానికి లాయరును కలవండి.

సంతకాల విషయంలో రెండు. హోంలో విజిటర్ల జాబితా మీరే రాసివ్వండి, జాబితాలో లేనివాళ్లు వస్తే ముందు మీకు ఫోన్ రావాలి. గేటు దాటించి తీసుకెళ్లడం మీరు పేరు రాసిచ్చిన ఇద్దరికే. "అత్తయ్యను గుడికి తీసుకెళ్తాం" అని తీసుకెళ్లి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కూర్చోబెట్టడం చాలా తేలిక. ఆమె పేరున ఇల్లో స్థలమో ఉంటే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో మూడు నెలలకోసారి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీసి చూడండి. కొత్త లావాదేవీ పడితే అందులో కనబడుతుంది.

---

ఉప్పల్_వృద్ధుల_సంరక్షణ:

ఫొటోలు, స్నానం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

అగ్రిమెంట్లో ఆ ఫొటోల వాక్యాన్ని అలాగే వదిలి సంతకం పెట్టకండి. దాని మీద గీత కొట్టి, పక్కన మీరూ హోం మేనేజరూ పొట్టి సంతకాలు పెట్టి, కింద ఇలా రాయించండి: "నివాసి ముఖం గాని, పేరు గాని ప్రకటనల్లో, సోషల్ మీడియాలో వాడరాదు. కుటుంబానికి పంపే ఫొటోలు ఫలానా రెండు నంబర్లకే విడిగా పంపాలి. స్నానం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం, ఏడుపు, కోపం ఉన్న సమయాల్లో ఫొటో గాని వీడియో గాని తీయరాదు." ఆ రెండో వాక్యం అందరూ మర్చిపోతారు. కుటుంబాలన్నిటినీ ఒకే వాట్సాప్ గ్రూపులో పెట్టి బతుకమ్మ వీడియో వేస్తారు. వెనక కుర్చీలో ఎవరో పైట జారి ఉంటారు. దాన్ని వాళ్ల పిల్లల కన్నా ముందు ఊరంతా చూస్తుంది.

హోం మానసిక ఆరోగ్య సంస్థగా రిజిస్టరైందా, మామూలు వృద్ధాశ్రమంగానా అని అడిగి సర్టిఫికెట్ చూడండి. మొదటిదైతే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సూటిగా మీ చేతికొస్తుంది. 20వ సెక్షన్లో ప్రైవసీ, ఒళ్లు కప్పే సరైన దుస్తులు, యూనిఫాం కాకుండా సొంత బట్టలు వేసుకునే హక్కు, బలవంతంగా గుండు చేయకూడదు అన్నవన్నీ ఉన్నాయి. పేలు పట్టాయని జుట్టు కత్తిరించేసే చోట్లుంటాయి కాబట్టి చెబుతున్నా. సమ్మతి లేకుండా ఫొటోలు మీడియాకు ఇవ్వకూడదని 24వ సెక్షన్. ఇంకా 14వ సెక్షన్ కింద తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఆమే సాదా కాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేసి నియమించుకోవచ్చు. మధ్య దశలో మంచి రోజులుంటాయి కదా, అలాంటి రోజున డాక్టరు ముందు ఆ కాగితం రాయించండి.

స్నానం గురించి ఈ ప్రశ్నలు అడగండి, తడుముకోకుండా చెబుతారో లేదో చూడండి. రాత్రి డ్యూటీలో ఆడవాళ్ల వైపు ఎవరుంటారు, మగ అటెండరు ఒక్కడేనా? స్నానం ఎక్కడ చేయిస్తారు, తలుపు మూస్తారా, ఒకేసారి ఇద్దరిని కూర్చోబెడతారా? సరైన పద్ధతి ఇలా ఉంటుంది: బట్టలు గదిలో విప్పి నడిపించకూడదు, బాత్రూంలోనే విప్పాలి. భుజాల మీద ఒక పెద్ద టవలు, ఒడిలో ఒకటి. కడిగే భాగం వరకే తీసి, వెంటనే కప్పాలి. నీళ్లు ముందు పాదాల మీద, తల మీద చివర్న. మొదట్లోనే తల మీద పోస్తే ఉలిక్కిపడి తిరగబడతారు. దాన్ని "సహకరించడం లేదు" అని రాసి మత్తుమందు దాకా తీసుకెళ్తారు. ఆమెకు ఇంట్లో ఏ వేళకు స్నానం అలవాటో, సున్నిపిండా సబ్బా, ఒంటి మీద లంగా కట్టుకుని చేస్తారా అన్నవి అర పేజీలో రాసివ్వండి. లంగా కట్టుకుని స్నానం చేసే అలవాటున్న మనిషిని ఒక్కసారిగా విప్పమంటే ఏ మందూ పనిచేయదు.

ఇద్దరుండే గదిలో మంచాల మధ్య కర్టెన్ సీలింగుకు బిగించిన పట్టాల మీద ఉండాలి. మడతపెట్టే స్క్రీన్ వద్దు, పట్టుకుని లేవబోతే అది, ఆమె రెండూ పడతారు. డైపర్ల ప్యాకెట్టు, "మలవిసర్జన" చార్టు మంచం తలాపిన వేలాడుతుంటే అల్మరా తలుపు లోపలికి మార్పించండి. తలుపు మీద పేరు, ఆమె గుర్తుపట్టే పాత ఫొటో చాలు, జబ్బు పేరు అక్కర్లేదు.

---

సైనిక్‌పురి_కోడలు:

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు మిగిలాయి. బంగారం తీయనివ్వరు, చెయ్యి వేస్తేనే "దొంగలు" అని అరుస్తారు. ఇక బావగారు గదిలో వైఫై కెమెరా పెట్టాల్సిందేనంటున్నారు.

---

తార్నాక_నర్సింగ్_ఇన్‌ఛార్జ్:

బంగారం చేర్చే రోజు తీయకండి. రెండు వారాల ముందు ఇంట్లోనే మొదలుపెట్టండి, ఒక్కోటి మార్చాలి. అదే మందం, అదే డిజైను వన్‌గ్రామ్ గోల్డ్ గాజులు తెచ్చి, ఉదయం తలంటు అప్పుడు, చేతికి సబ్బు రాసి అసలువి తీసిన వెంటనే అవి తొడగండి. ఉదయమే ఎందుకంటే సాయంత్రానికి చేతులు ఉబ్బుతాయి. చెయ్యి ఒక్క నిమిషం కూడా బోసిగా ఉండకూడదు. గాజు గాజులు వద్దు, పగిలితే పల్చటి చర్మం చీరుకుంటుంది. పుస్తెలతాడు మార్చాల్సి వస్తే మామయ్య చేతుల మీదుగా, ఏదో శుక్రవారం పూట పసుపుతాడు కట్టించండి. ఆయన కడితే అరవరు. ముక్కుపుడక మర బిగుసుకుపోయి ఉంటే లాగొద్దు, కంసాలి దగ్గరికి తీసుకెళ్లండి. చిన్నదైతే వదిలేసి జాబితాలో ఫొటోతో రాయించడమే మేలు.

ఇంట్లో పెట్టే ముందు అసలువాటిని తూకం వేయించి బరువు రాసుకోండి. ఈమధ్య కొన్నవైతే హాల్‌మార్క్ పక్కన అక్షరాలు, అంకెలు కలిపి 6 ఉండే గుర్తింపు కోడ్ (హెచ్‌యూఐడీ) ఉంటుంది, అదీ రాయండి.

పర్సు కోసం వెతుక్కునే అలవాటుంటే పాత పర్సులో పది, ఇరవై నోట్లు వంద రూపాయల లోపు పెట్టి ఇవ్వండి. డబ్బు ఉందన్న నిబ్బరంతో సగం ఆందోళన తగ్గుతుంది.

---

రామంతపూర్_లాండ్రీ:

కెమెరా పెట్టుకుంటే తప్పేముంది? అడిగేటోడు లేకపోతే ఏమైతదో అందరికి తెల్సు.

---

ఉప్పల్_వృద్ధుల_సంరక్షణ:

తప్పుందండీ. అది ఇద్దరి గది. పక్క మంచం ఆవిడకు డైపర్ మారుస్తుంటే అదీ రికార్డవుతుంది. ఒక మనిషి రహస్యాంగాలను సమ్మతి లేకుండా చిత్రీకరిస్తే ఐటీ చట్టం 66ఈ కింద 3 ఏళ్ల వరకు జైలు గాని, 2 లక్షల వరకు జరిమానా గాని, రెండూ గాని పడొచ్చు. పైగా ఆ లింకు బావగారి దగ్గర ఆగదు, అమెరికాలో ఉన్న మేనల్లుడి దాకా వెళ్తుంది. సొంత అత్తగారి స్నానం తర్వాతి దృశ్యాలు ఎంతమంది చూడాలి?

పెట్టే తీరాలంటే ఒంటరి గది తీసుకోండి. హోం దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకుని, కెమెరా మంచం మీదికి కాకుండా తలుపు వైపు తిప్పండి. ఆడియో ఆపండి, డబ్బాలోంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చండి, చూసే హక్కు ఇద్దరికే ఇవ్వండి. ఒంటరి గదికి వీల్లేకపోతే కెమెరా బదులు రెండు పనులు చేయండి. ఒకటి, వేర్వేరు వేళల్లో చెప్పకుండా వెళ్లండి, ముఖ్యంగా సాయంత్రం ఏడు తర్వాత, ఆదివారాలు. రెండోది, వెళ్లినప్పుడల్లా వీపు, పిరుదులు, మడమలు, మోచేతులు చూసి, కమిలిన మచ్చలుంటే తేదీతో రాసుకుని అప్పుడే సిస్టరు సంతకం తీసుకోండి.

వరండా సీసీటీవీ ఫుటేజ్ ఎన్ని రోజులుంటుందో చేరే రోజే అడగండి. కొత్త రికార్డింగు పాతదాని మీద పడుతుంది కాబట్టి, ఏదైనా జరిగితే అదే రోజు "ఫలానా తేదీ, ఫలానా గంట ఫుటేజ్ భద్రపరచండి" అని మెయిల్ పెట్టాలి, నోటిమాట చాలదు. మేనేజరు దగ్గర తేలకపోతే పెద్దల హెల్ప్‌లైన్ 14567. సేవలో లోపం, డబ్బు తగాదా అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వస్తువు నిజంగా దొంగతనమైందని తేలితే సంతకాలున్న ఆ జాబితా కాపీతో దగ్గరి స్టేషన్‌కు వెళ్లండి.

---

మల్కాజిగిరి_రిటైర్డ్_బ్యాంకు:

"విలువైన వస్తువులకు బాధ్యత వహించదు" అన్న వాక్యం గురించి. దాన్ని పూర్తిగా తీసేయమంటే ఒప్పుకోరు. "జాబితాలో నమోదై, సిబ్బంది ఆధీనంలో ఉంచిన వినికిడి మిషన్, కళ్లద్దాలు, కట్టుడు పళ్లకు ఇది వర్తించదు" అని చివర చేర్చమనండి. సాధారణంగా దానికి ఒప్పుకుంటారు. దానికీ ఒప్పుకోకపోతే, కొత్త మిషన్ కొనకుండా పాత మిషన్‌తోనే పంపండి.